తీయుట ఒకటి, చూపుట ఒకటి



నేను నేడు ప్రస్తావింపబోవు విషయము మరెక్కడ ఎత్తుకొన్నను మాటకంటె ముందుగా కన్ను పరుగెత్తునట్టిది. బొమ్మ కనబడని ఈ రేడియోలో ఆ చిక్కు లేదు గనుక, దీనిని గూర్చి నెమ్మదిగా మాటాడుటకు ఇంతకంటె అనువైన చోటు లేదని నాకు తోచినది. యుక్తవయస్సు వచ్చి, తన మంచిచెడ్డలు తానెరిగిన ఒక వ్యక్తి, స్త్రీయే కానిండు పురుషుడే కానిండు, తన వివస్త్రదేహమును తానే ఛాయాచిత్రముగా తీసికొనవచ్చునా, తీసికొన్న పిమ్మట దానిని ఇతరులకు చూపవచ్చునా అన్నదే ఆ విషయము. పదునెనిమిదేండ్లు నిండనివారి యెడల ఈ ప్రశ్నకే తావు లేదు. అట్టి చిత్రమును తీయుటయు, దాచుటయు, పంపుటయు మన దేశమున నేరములే. ఆ మాట ముందే చెప్పి అంతటితో విడిచెదను.

ఈ ప్రశ్న నేటి చేతిఫోనులతోనే పుట్టినదని చాలమంది అనుకొందురు. నిజమునకు ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన మరుసటి ఏటనే, ఒక మనుష్యుడు కెమెరా ఎదుట చొక్కా విప్పి కూర్చుండెను. ఆయన పేరు ఇపోలిత్ బయార్. పారిస్ నగరమున ఆర్థికమంత్రిత్వశాఖలో గుమాస్తా. తీరిక వేళలలో రసాయనములతో కుస్తీపట్టి, కాగితముమీద సూటిగా బొమ్మ దిగు పద్ధతి నొకదానిని కనిపెట్టి, 1839 జూన్ నెలలోనే ముప్పది చిత్రములను జనులకు చూపించెను. కాని ఆ ఆగస్టులో ప్రభుత్వము డగేర్ అను మరియొకని పద్ధతిని లోకమునకు ప్రకటించి, అతనికి యేటేట ఆరువేల ఫ్రాంకుల భరణ మేర్పరచినది. బయారునకు దక్కినది పనిముట్లకని ఇచ్చిన కొద్దిపాటి సొమ్ము మాత్రమే. 1840 అక్టోబరులో ఆయన నడుముకు దిగువన మాత్రము ఒక వస్త్రము కప్పుకొని, కన్నులు మూసికొని, నీటమునిగి చచ్చిన శవమువలె గోడకు ఒరగి, పక్కన ఒక గడ్డిటోపీ ఉంచి, తన్నుతాను చిత్రించుకొనెను. ఆ చిత్రము వెనుక వ్రాసినది ఇంకను విచిత్రము: డగేరునకు సర్వము నిచ్చిన ప్రభుత్వము బయారునకు ఏమియు లేదనినందున ఆ దౌర్భాగ్యుడు నీళ్లలో దూకినాడనియు, శవాగారమున కొన్నాళ్లుగా పడియున్నను అడిగినవారు లేరనియు, ముఖమును చేతులును కుళ్లనారంభించినవి గనుక చూచువారు ముక్కు మూసికొని తొలగిపోవుట మేలనియు దాని సారాంశము. ఆ ముఖము, ఆ చేతులు నల్లబడియుండుటకు కారణము ఎండ. బట్టల మరుగున నుండిన ఛాతీ తెల్లగనే ఉన్నది. అట్లు చచ్చిన బయార్ మరి నలువదియారేండ్లకు పైగా బ్రదికి 1887లో కాలధర్మము నొందెను.

ఆ చిత్రములో వస్త్రములు లేకపోవుట శృంగారము కొరకు కాదు. అది ఒక అర్జీ. దిగంబరమైన స్వీయచిత్రము అనగనే మన మనస్సు ఒకే దారిని పోవుట, ఆ దారి తప్ప మరొకటి లేదని నిశ్చయించుకొనుట, ఎంత తొందరపాటో ఈ మొదటి ఉదాహరణమే చెప్పుచున్నది. బయార్ దానిని తీసినది తానే, వ్రాసినది తానే, ఎవరు చూడవలెనో తలచుకొన్నదియు తానే. ఈ మూడును ఒకే చేతిలో నుండుట ఎంత అరుదో మనము ముందు ముందు చూతము.

ఈ చరిత్రలో 1906వ సంవత్సరము నా దృష్టిలో ఒక సంధికాలము. ఆ యేడు మే 25వ తేదీన, భర్తను జర్మనీలో విడిచి పారిస్ చేరియున్న పౌలా మోడర్సోన్-బెకర్ అను చిత్రకారిణి, మెడలో తేనెరంగు పూసల దండయు, కటిప్రదేశమున ఒక తెల్లని వస్త్రమును తప్ప మరేమియు లేకుండ, గర్భవతి కాకయే గర్భవతివలె పొట్టచుట్టు చేతులుంచుకొని, తన్నుతాను వర్ణములతో చిత్రించుకొనెను. అది ఆమె పెండ్లిరోజు. ఆ మాట చిత్రము మీదనే వ్రాసి, తనకు ముప్పదియేండ్లని చేర్చి, పుట్టినింటి పేరు పొడియక్షరములతో సంతకము చేసెను. మరుసటి సంవత్సరము నవంబరులో ప్రసవమైన కొలది దినములకే ఆమె మరణించినది. ఆ చిత్రము ఆమె జీవితకాలమున ప్రదర్శనకు రాలేదు. ఇది కుంచెతో చేసిన పని యని మీరనవచ్చును. సరిగా ఆ కాలముననే, అమెరికాలోని సియాటిల్ నగరమున, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అను రసాయనశాస్త్ర విద్యార్థిని, తపాలాలో తెప్పించుకొన్న కెమెరాను విశ్వవిద్యాలయ ప్రాంగణమున నిలిపి, ఏపుగా పెరిగిన గడ్డిలో వస్త్రరహితయై బోర్ల పండుకొని తన చిత్రమును తాను తీసికొనెను. కాలిఫోర్నియా రాష్ట్రపు సియెర్రా నెవాడా పర్వతములలో ఆన్ బ్రిగ్మన్ అను మరియొక స్త్రీ, గాలివానలకు విరిగి మోడైన దేవదారువృక్షముల మొండెములలో నిలిచి, తానే నగ్నమూర్తియై, తానే ఛాయాగ్రాహకురాలై చిత్రములు తీయుచుండెను. వానిలో కొన్నింటిని న్యూయార్కునందలి ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్స్ తన ‘కామెరా వర్క్’ పత్రికలో 1909లో ప్రకటించెను.

ఒకరినొకరు సంప్రదింపకయే ముగ్గురు స్త్రీలు ఈ పనికి ఎట్లు పూనుకొనిరి? కారణము గహనమైనది కాదు. శతాబ్దులుగా చిత్రకళాశాలలలో నగ్నదేహమును ఎదుట నిలుపుకొని అభ్యసించు తరగతులలో స్త్రీలకు ప్రవేశము లేకుండెను. లండనులోని రాయల్ అకాడమీ విద్యార్థినులకు, 1893లో, అదియు కొంత వస్త్రము కప్పియున్న మోడలును మాత్రమే, చూచి గీయుటకు అనుమతి దొరికినది. నగ్నస్త్రీ చిత్రములకు లోకమున కొదవ లేదు. ఆ చిత్రములను గీసిన చేతులలో స్త్రీహస్తములు మాత్రము బహు అరుదు. మోడలుకు ఇచ్చుటకు పైకము లేని ఆడపడుచునకు, పైకమున్నను తలుపులు మూసియున్న ఆడపడుచునకు, ఏ వేళనైనను లభించునది తన దేహమొక్కటే. అద్దమో కెమెరాయో యెదుటనుంచుకొనినచో అడుగవలసినవారు లేరు, ఆజ్ఞాపించువారు లేరు, గంటకింత అని చెల్లింపవలసిన పని లేదు.

ఇక ఆ పని ఎట్లుండునో, కళాచరిత్రను కొంచెము పక్కనబెట్టి, దగ్గరగా చూతము. గది తలుపు గడియ వేసి, పక్కకిటికీ వెలుతురు గోడమీద పడు చోటు చూచుకొని, మూడుకాళ్ల స్టాండుమీద కెమెరా నిలిపి, పది సెకండ్ల గడువు పెట్టి మీట నొక్కి, అనుకొన్న చోటికి పరుగెత్తవలెను. మొదటి చిత్రములు ఎప్పుడును బాగుండవు. ఏలనన ఆ మనిషి తానెక్కడనో చూచిన క్యాలెండరు బొమ్మవలెనో, సినిమాపోస్టరువలెనో నిలుచుండును. పొట్ట లోపలికి పీల్చును, గడ్డము పైకెత్తును. పది పదునైదు పర్యాయములు మీట మ్రోగిన పిమ్మట, పరుగెత్తి పరుగెత్తి విసుగు పుట్టిన పిమ్మట, ఆ అద్దెకు తెచ్చుకొన్న భంగిమ తానే జారిపోవును. అప్పుడు చిత్రములో దిగునవి మరియొకవిధమైన సంగతులు. భుజముమీద చిన్ననాటి టీకామచ్చ. రవికె చేతి అంచు దగ్గర ఎండ తగిలిన చర్మమునకు, తగలని చర్మమునకు నడుమ గీచినట్లున్న సరిహద్దు. ఏండ్ల తరబడి లంగాబొందు బిగించిన చోట నడుముచుట్టు నల్లగా మెరయు గీత. ప్రసవములు మిగిల్చిన చారలు. ఆపరేషను కుట్టుల జాడ. తెలుగుదేశపు స్త్రీలలో ఆ బొందుగీత ఉన్నవారు ఎందరో. కాని మన చిత్రకళ అంతటను వెదకినను దానిని గీసినవారు నాకు కనబడలేదు. ఇవి చూచుకొనుటకే ఎవరైన ఒకరు ఈ చిత్రములను తీసికొందురన్నచో, ఆ కారణము నాకు చాలును. తన దేహము తనకే అపరిచితముగా బ్రదుకు గడిచిపోవుట మనలో సామాన్యము. స్నానము కూడ చీకటిగదిలో త్వరత్వరగా ముగించి, అద్దమునందు ముఖము తప్ప మరేమియు చూడక ముసలివారైనవారు ఎందరు లేరు!

కావున తీసికొనుట విషయమున నాకు ఎట్టి సందేహమును లేదు. అది ఆ వ్యక్తికి, ఆ వ్యక్తి దేహమునకు నడుమ వ్యవహారము. తీసినది నచ్చకున్న చెరిపివేయవచ్చును, మరల తీయవచ్చును, ఏడాది యూరకుండవచ్చును. చట్టరీత్యా చూచినను ఇందొక విశేషము కలదు: ఛాయాచిత్రమునకు కర్త దానిని తీసినవాడేయని మన కాపీరైటు చట్టము చెప్పును. మరియొకరు తీసిన చిత్రములో మనము కేవలము విషయము మాత్రమే. మనమే తీసికొన్న చిత్రములో విషయమును మనమే, కర్తయును మనమే. బయారును గూర్చి చెప్పినట్లు, అన్ని పగ్గములును ఒకే చేతిలో నుండును. మొదటి పగ్గము చేజారునది చూపుటయందే.

ఒకప్పుడైతే తీయుటలోనే మూడవ కన్ను ఒకటి ఉండెడిది. ఫిలిము కడుగుటకు ఊరిలోని స్టూడియోకు ఇయ్యవలెను. ఆ స్టూడియో యజమాని మన చిన్నాన్నకు స్నేహితుడు, మన బడిపంతులుకు బావమరిది. ఇంటనే చీకటిగది ఉన్నవారికి తప్ప ఈ పని సాధ్యము కాకుండెను. కన్నింగ్‌హామ్‌కు ఆమె తండ్రి కట్టెలకొట్టులో ఒక చీకటిగది నేర్పరచి ఇచ్చియుండెను గనుక ఆమెకు సాగినది. 1948లో పోలరాయిడ్ కెమెరా అమ్మకమునకు వచ్చిన తర్వాత, నిలుచున్న చోటనే చిత్రము చేతికి వచ్చుచుండుటచే, చీకటిగది లేనివారికి కూడ ఆ మూడవ కన్ను తప్పినది. ఫోను వచ్చిన పిమ్మట ఇక ఎవరును చూడరని మనము నిశ్చింతగా ఉన్నాము. అది భ్రమ. తీసిన చిత్రము తానై పోయి ఎక్కడనో దూరదేశపు యంత్రములలో నకలు వేసికొనును. ఇంటిల్లిపాదికి ఒకే ఖాతా ఉన్నచో హాలులోని టీవీమీద, బాబు పుట్టినరోజు చిత్రముల నడుమ, పిలువని పేరంటముగా ప్రత్యక్షము కావచ్చును. చెరిపివేసినామనుకొన్నది చెత్తబుట్టలో నెలదినములు పదిలముగా ఉండును. తెర పగిలినదని ఫోనును రిపేరుషాపులో ఇచ్చి, తాళపు సంఖ్య కూడ కాగితముమీద వ్రాసి యిచ్చి, టీ త్రాగుటకు పోవుదుము. తీయదలచినవారు మొట్టమొదట నేర్వవలసినది వెలుతురు కాదు. ఆ తానై పోవు నకలును ఆపుట. ఖాతాలతో సంబంధము లేని కెమెరా ఒకటి, దాని చిన్న కార్డు ఒకటి, తాళము పడు సొరుగు ఒకటి ఉన్నచో నూరుపాళ్లలో తొంబదిపాళ్ల జాగ్రత్త అయినట్లే.

ఇక చూపుట. ఇచ్చట తరచుగా ఒక వాదము వినబడును: మన రామప్పగుడిలో మదనికలు లేరా, శ్రవణబెళగొళలో గోమటేశ్వరుడు లేడా, వస్త్రమును త్యజించి కేశపాశమునే ఆచ్ఛాదనముగా చేసికొన్నదని చెప్పుకొను అక్కమహాదేవి చివరకు మన శ్రీశైలమునకు వచ్చి చేరలేదా, అట్టి దేశములో నగ్నచిత్రమునకు భయమేల అని. వినుటకు సొంపుగా ఉన్నను ఈ వాదము నాకు నచ్చదు. రామప్ప మదనికకు ఇంటిపేరు లేదు. ఆమె మరునాడు ఆఫీసునకు పోనక్కరలేదు. ఆమె తమ్మునికి పెండ్లిసంబంధములు చూచువారు లేరు. అక్కమహాదేవి విడిచినది వస్త్రమును మాత్రమే కాదు. ఇల్లు, భర్త, లోకమర్యాద సర్వమును విడిచిన తర్వాత ఇక పోగొట్టుకొనుటకు ఏమియు మిగులని స్థితిలో ఆమె నడచినది. అద్దె యింటిలో నుండి, నెలజీతముమీద బ్రదుకుచు, నలుగురితో పని ఉన్న మనిషికి ఆ ఉదాహరణములు ధైర్యము నీయవచ్చును గాని రక్షణ నీయజాలవు.

అంతకంటె నాకు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ దృష్టాంతము ఉపయుక్తముగా తోచును. సంస్కృత పారసీకములలో పండితుడు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి. ఆయన కొన్ని దశాబ్దులపాటు తన చిత్రములను తాను తీసికొనెను. 1930లో పదునైదు దినములు ఉపవాసముండి, కృశించిన తన అనాచ్ఛాదిత శరీరమును కెమెరాకు చూపెను. అవి ఇంటి ఆల్బములలో ఉండినవి. వెలుపలి లోకము వానిని కళగా గుర్తించినది ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు. ఆయన కుమార్తె 1934లో పారిస్ నందు నడుము పైభాగమున వస్త్రము లేకుండ తన్నుతాను తాహితిద్వీపపు స్త్రీవలె చిత్రించుకొన్నది. అది చూపుటకే చేసినది. ఒకే యింటిలో తండ్రి దాచుకొనెను, బిడ్డ చూపించెను; ఇద్దరిలో ఎవరు తప్పు చేసిరని అడుగుట నాకు వ్యర్థముగా కనబడును. ఎవరి చిత్రము ఎవరి కొరకో వారికి ముందుగనే తెలిసియున్నది. అదియే నేను చూచు గుణము.

ఇంతకును ఎవరికి చూపుట? ప్రేమించిన ఒక్కరికి పంపుట, గోడమీద తగిలించి ప్రదర్శించుట, ఊరు పేరు లేని లోకమునకంతటికి విడుచుట, ఇవి మూడును వేరువేరు పనులు. మూడింటికిని ఒకే మాట వాడుటవలన చిక్కులు వచ్చుచున్నవి. ఒక్కరికి పంపు విషయములో జనులు ఆ ఒక్కరి గుణమునే తూచుకొందురు: నమ్మదగినవాడా, కాడా అని. మనిషి నమ్మదగినవాడే కావచ్చును. అతని ఫోను కాకపోవచ్చును. అతని తమ్ముడు కాకపోవచ్చును. రెండేండ్ల పిమ్మట కోపము వచ్చిననాటి అతడు కాకపోవచ్చును. కాలు జారితే తీసికోవచ్చును గాని నోరు జారితే తీసికోలేమని పెద్దలన్నది మాటను గూర్చి. చిత్రము విషయములో అది మరింత నిజము. వీటన్నిటికిని మించిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ చిత్రమును మీరు పంపదలచితిరా, వారు అడిగిరా? “నామీద నమ్మకము లేదా?” అను మాట ఎదుటినుండి వచ్చిన క్షణముననే ఆ చిత్రము స్వీయచిత్రము కాకుండ పోయినది, మీట నొక్కినది మీ వ్రేలే అయినను, తీసినది ఆ అడిగినవారే. అడుగగా అడుగగా ఇచ్చునట్టి చిత్రమును ఎన్నడును ఇయ్యవద్దని, ఈ విషయములో నిర్మొగమాటముగా చెప్పగల ఒక్క మాటను నేను చెప్పుచున్నాను.

ప్రదర్శనకు పెట్టదలచినవారికి చట్టమున్నది. మన సమాచార సాంకేతిక చట్టము 67వ సెక్షను, కామోద్రేకమును రేపునట్టి దానిని ఎలక్ట్రానిక్ రూపమున ప్రకటించినను పంపినను, మొదటి నేరమునకు మూడేండ్లవరకు ఖైదు, అయిదు లక్షలవరకు జరిమానా విధించును. కళకు, సాహిత్యమునకు, విద్యకు మినహాయింపు ఉన్నది. కాని ఆ మినహాయింపు తనకు వర్తించునని నిరూపించుకొనవలసిన భారము ముద్దాయిమీద పడును. నగ్నత్వమంతయు అశ్లీలము కాదని సుప్రీంకోర్టు స్పష్టముగనే చెప్పినది. అది చెప్పిన వ్యాజ్యము కథ వినదగినది. టెన్నిస్ క్రీడాకారుడు బోరిస్ బెకర్, ఆయన పెండ్లాడబోవు బార్బరా ఫెల్టస్, వర్ణవివక్షను నిరసించుచు వస్త్రములు లేకుండ తీయించుకొన్న చిత్రమొకటి జర్మను పత్రిక ‘స్టెర్న్’లో వచ్చెను, తీసినవాడు బార్బరా కన్నతండ్రియే. దానిని 1993లో కలకత్తా పత్రికలు పునర్ముద్రింపగా, అక్కడి న్యాయవాది యొకరు ఫిర్యాదు చేసిరి. సమాజమునందలి సామాన్యుల ప్రమాణములనుబట్టియు, చిత్రము చెప్పదలచిన సందేశమునుబట్టియు చూచినచో అది అశ్లీలము కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 2014లో. అనగా, తప్పు లేదనిపించుకొనుటకు దాదాపు ఇరువది యొక్క సంవత్సరములు. పేరుమోసిన పత్రికాధిపతులు వకీళ్లను పెట్టుకొని అంతకాలము నిలువగలిగిరి. చిత్రకళావిద్యార్థిని యొకతె తన మొదటి ప్రదర్శనలోనే అట్టి తప్పులేనితనమును సంపాదించుకొనుటకు బయలుదేరుట ధైర్యమే. కాని ఆ ధైర్యమునకు ఖర్చెంతయో ముందుగా తెలిసియుండవలెను.

ముఖము విషయము కూడ ఆలోచింపవలసినదే. జాన్ కోప్లన్స్ అను ఆంగ్లేయుడు, ‘ఆర్ట్‌ఫోరమ్’ పత్రిక స్థాపకులలో నొకడు, అరువదేండ్లు దాటిన పిమ్మట 1984లో తన నగ్నశరీరమును తీయనారంభించి, వెన్ను, చేతులు, పాదములు, మోకాళ్లు, ముడతలు పడిన కడుపు, అన్నింటిని నిలువెత్తు పరిమాణమున చూపెను గాని ముఖము నెన్నడును చూపలేదు. వృద్ధదేహము ఇంత గంభీరముగా నుండునని అప్పటికి ఎవరును అనుకొనలేదు. ముఖము లేకపోవుటచే ఆ దేహము ఒక్కనిది కాక మనుష్యజాతిది యైనది. మనవారు ముఖము దాచుట కేవలము జాగ్రత్తయనుకొందురు. కోప్లన్స్ చేతిలో అదియే కవిత్వమైనది. ఐనను, ముఖము లేనంతమాత్రమున గుర్తుపట్టరనుకొనరాదు. పుట్టుమచ్చ, పచ్చబొట్టు, కిటికీలోనుండి కనబడు నీళ్లట్యాంకు, గోడమీది క్యాలెండరు, చిత్రముతోపాటు ఫోను దాచియుంచు తేదీ, స్థలము, ఇవన్నియు చాడీలు చెప్పును.

చూపుటకు ఒక్క న్యాయమైన కారణము చెప్పుమని నన్నెవరైన అడిగినచో, నేను జో స్పెన్స్ పేరు చెప్పుదును. బ్రిటనులో ఛాయాగ్రాహకురాలు, 1982లో ఆమెకు స్తనములో కాన్సరు తేలినది. శస్త్రచికిత్సకు పోకముందు, కోయబోవు ఆ స్తనముమీద సిరాతో ఇది తన సొత్తేనా యని ప్రశ్నార్థకముగా వ్రాసికొని ఆమె చిత్రము దిగెను. ఆసుపత్రిలో తన శరీరమును గూర్చి వైద్యులు తనపైనుండి తమలో తాము మాటలాడుకొనుచుండగా, ఆమె మాటలాడదలచినది తన శరీరముతోనే. అది పదుగురు చూడవలసిన చిత్రము. చూచినందువలన రోగులకు, వైద్యులకు ఉభయులకును మేలు కలిగినది. అట్టి చిత్రమును దాచియుంచుటయే లోపము. ఆమె వ్రాసికొన్న ఆ ప్రశ్న అడుగుకొని, ఔనను సమాధానము వచ్చువారు చూపవచ్చును.

అట్టి నిశ్చయము లేనివారికి కన్నింగ్‌హామ్ నడచిన దారి యున్నది. 1915లో ఆమె రెయినియర్ పర్వతముమీద తన భర్తను నగ్నముగా తీసిన చిత్రములు సియాటిల్ పత్రికలో అచ్చై పెద్ద గగ్గోలు పుట్టగా, ఆమె ఆ నెగెటివులను పగులగొట్టలేదు, క్షమాపణ చెప్పలేదు, పెట్టెలో పెట్టి కొన్ని దశాబ్దులపాటు వాని జోలికి పోలేదు. తొంబదిమూడేండ్లు బ్రదికినది గనుక ఊరు మారుట, కాలము మారుట, ఆ చిత్రములు గౌరవము పొందుట కన్నులార చూచినది. అందరికిని అంత ఆయుర్దాయము దొరకదు. ఫ్రాన్చెస్కా వుడ్మన్ అను అమెరికా యువతి పదుమూడేండ్లనాటినుండి తన చిత్రములు తీసికొనుచు, పాడుబడిన ఇండ్లలో గోడలలోనికి కరగిపోవుచున్నట్లు తన దేహమును చిత్రించి, 1981లో ఇరువదిరెండేండ్లకే అకాలమరణము నొందెను. ఏవి చూపవలెను, ఏవి చూపరాదు అను నిర్ణయము కళాకారులే అయిన ఆమె తల్లిదండ్రుల పాలబడినది. 1986లో వారి అనుమతితోనే పెద్ద ప్రదర్శన జరిగినది. వారు యోగ్యులు గనుక సరిపోయినది. మీరు అట్టి చిత్రములను దాచుకొన్నవారైనచో, మీ తదనంతరము ఆ సొరుగు ఎవరు తెరవవలెనో, తెరచి ఏమి చేయవలెనో ఒక్క కాగితముమీద వ్రాసియుంచుడు. పొలము పత్రములకు చేయు ఆ జాగ్రత్త దీనికి చేయుట తప్పు కాదు.

ఇంత జాగ్రత్త చెప్పినందున, చిత్రము బయటపడినచో తీసికొన్నవారిదే తప్పని నేనన్నట్లు ఎవరును అనుకొనరాదు. ఈనాడు చీర కట్టుకొని పెండ్లిలో దిగిన బొమ్మలోని ముఖమును ఊడదీసి, యంత్రమునకు తినిపించి, వివస్త్రచిత్రమును కల్పించు దుర్మార్గులున్నారు. ఎన్నడును ఏమియు తీసికొనని ఆడపిల్లకు కూడ ఆ ఆపద తప్పుట లేదు. తీసికొనకుండుటయే రక్షణమన్న మాట దీనితో తేలిపోయినది. ఇక మిగిలినది సిగ్గు ఎవరిదన్న ప్రశ్న. తీయుటకు ఒప్పుకొన్న స్త్రీ, మూడవవారికి పంపుటకు ఒప్పుకొననిచో, ఆ పంపుట నేరమని మన శిక్షాస్మృతి 2013నుండి చెప్పుచున్నది. నేటి భారతీయ న్యాయసంహితలోను ఆ మాట నిలిచియున్నది. పురుషుడే కానిండు స్త్రీయే కానిండు, సమ్మతి లేకుండ రహస్యాంగముల చిత్రమును ప్రకటించుట సమాచార సాంకేతిక చట్టము ప్రకారము వేరుగ నేరము. చట్టమునకు ఇంత తెలిసియున్నను, ఆ చిత్రము చుట్టుపక్కల ఫోనులలో తిరుగుచున్నప్పుడు మనమడుగు మొదటి మాట, “ఆ పిల్ల అట్లెందుకు తీసికొన్నది?” అనియే. దొంగ పడిన ఇంటివారిని, మీ యింటిలో బంగారమెందుకుంచుకొంటిరని అడుగువారు మనలో లేరు.

కావున శ్రోతలారా, తీయదలచినవారు తీసికొనుడు. తీసినదానిని కొన్ని ఋతువులు గడువనిచ్చి, అది ఎవరి కొరకో మనస్సు నిలుకడగా చెప్పిన పిమ్మటనే చూపుటను గూర్చి ఆలోచింపుడు. చూపువారిలో మీరు లేకున్నను, చూచువారిలో ఉండవచ్చును. ఎవరిదో తెలియని అట్టి చిత్రము మీ ఫోనునకు వచ్చినచో మరియొకరికి పంపకుడు. పంపినవానితో ఆ మాట మొగమాటము లేకుండ చెప్పుడు. మీ చిత్రమే మీకు తెలియకుండ బయటపడినచో, ముందుగా దాని ఆధారములను భద్రపరచుడు; ఆయా వేదికలవారికి ఫిర్యాదు చేయుడు; అట్టి చిత్రమును ఫిర్యాదు అందిన గంటల వ్యవధిలోనే తొలగింపవలెనని నియమములు వారిని నిర్బంధించుచున్నవి. స్టాప్ ఎన్‌సీఐఐ అను సేవ, మీ చిత్రమును మీ ఫోను దాటనీయకయే, దాని గుర్తును మాత్రము అందులో చేరిన వేదికలకు పంపి ఆపివేయించును. అది పదునెనిమిదేండ్లు దాటినవారి కొరకు. సైబర్ నేరముల జాతీయ సహాయవాణి సంఖ్య 1930. స్త్రీలపై జరిగిన ఇట్టి నేరములను పేరు చెప్పకుండగనే, కేంద్రప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టలులో నమోదు చేయవచ్చును.